మిర్చి పట్టీల పేజీలో ఒక డివ్ చేసిన గొడవ: కేస్ స్టడీ

గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన కోసం 2023 సీజన్‌లో మేం రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఒక లెడ్జర్ వెబ్ యాప్ రాశాం. టీమ్ అంటే ముగ్గురమే. నేను, కొత్తగా చేరిన ఒక కుర్రాడు, సర్వర్ వైపు చూసుకునే ఇంకొకరు. యాప్‌లో పెద్ద తెలివితేటలేమీ లేవు. రైతు తెచ్చిన సరుకు ఒక లాట్. దానికి తేదీ, రైతు పేరు, రకం (తేజ, 334, 341 లాంటివి), టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తూకం, రేటు, మొత్తం లాంటి తొమ్మిది గడులు. ఆ లైను మీద నొక్కితే దాని కింద ఇంకో లైను తెరుచుకోవాలి. అందులో హమాలీ, కాటా, కమీషన్, ఇచ్చిన అడ్వాన్సు, అన్నీ పోను రైతు చేతికి వచ్చేది ఎంత అని ఉండాలి. రైతుకిచ్చే ఈ లెక్కే పట్టీ.

ఒక లాట్‌కి రెండు లైన్లు. ఈ రెండింటినీ ఒక కట్టగా కట్టడం దగ్గర మేం నాలుగుసార్లు బోల్తా పడ్డాం. ప్రతిసారీ ఇంక అయిపోయిందనే అనుకున్నాం. రియాక్ట్‌లో ఫ్రాగ్మెంట్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు కూడా మూడో బోల్తా, నాలుగో బోల్తా పడే అవకాశం ఉంది కాబట్టి వరసగా చెబుతాను.

మొదటి డివ్

రియాక్ట్‌లో కాంపొనెంట్ అంటే ఒక ఫంక్షన్. ఫంక్షన్ ఒక్క విలువనే వెనక్కిస్తుంది. మనం రాసే ట్యాగులు చూడ్డానికి హెచ్‌టీఎమ్‌ఎల్‌లా ఉన్నా, బిల్డ్ అయ్యేసరికి అవన్నీ ఫంక్షన్ కాల్సే. రెండు టీఆర్‌లని (టీఆర్ అంటే పట్టికలో ఒక లైనుకి ఉండే ట్యాగ్) పక్కపక్కన పెట్టి రిటర్న్ చేయడమంటే, రెండు ఫంక్షన్ కాల్స్‌ని మధ్యలో కామా కూడా లేకుండా రాసి రిటర్న్ అన్నట్టు. ఎడిటర్ వెంటనే ఎర్రగీత పెడుతుంది. అప్పుడు ఎవరి చేతికైనా మొదట తగిలేది డివ్, అంటే దేన్నైనా చుట్టడానికి వాడే వట్టి పెట్టె లాంటి ట్యాగ్. మా కుర్రాడూ అదే చేశాడు.

వాణ్ణి తప్పు పట్టను. 2017 దాకా నేనూ అదే చేశాను, అప్పట్లో వేరే దారి దాదాపు లేదు. ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చిన రియాక్ట్ 16 కాంపొనెంట్ నుంచి అరేని (విలువల వరసని) రిటర్న్ చేయనిచ్చింది. అయితే మధ్యలో కామాలు, ప్రతి దానికీ ఒక కీ (రియాక్ట్ దాన్ని గుర్తుపట్టే గుర్తు), వట్టి మాటలుంటే వాటికి కోట్‌లు. రాసేవాడికి విసుగు. నవంబరు 28న 16.2 వెర్షన్‌తో ఫ్రాగ్మెంట్ వచ్చింది. కోడ్‌లో కట్టలా ఉంటుంది, పేజీలో మాత్రం దాని జాడ ఉండదు. పేరు పెట్టి రాయొచ్చు, లేదంటే లోపల ఏమీ లేని యాంగిల్ బ్రాకెట్ల జతతో పొట్టిగా రాయొచ్చు.

మా కుర్రాడికి అది తెలియదు. వాడు కట్టిన చెట్టు, అంటే ఒకదాని లోపల ఒకటిగా ట్యాగుల అమరిక, ఇలా ఉండేది:

టేబుల్
— టీబాడీ
—— డివ్ (ఒక లాట్)
——— టీఆర్ (సరుకు లైను)
——— టీఆర్ (కోతల లైను)

స్క్రీన్ మీద పట్టిక మొత్తం మొదటి కాలమ్‌లో ఇరుక్కుపోయింది. పైన తొమ్మిది హెడ్డింగులు హాయిగా పరుచుకుని ఉన్నాయి. కింద సరుకంతా 'తేదీ' అనే హెడ్డింగు కింద, సంక్రాంతికి ఊరెళ్ళే బస్సులో జనంలా నిలబడి ఉంది.

ఇలా ఎందుకవుతుందో ఒకసారి అర్థం చేసుకుంటే తర్వాత చాలా వాటికి పనికొస్తుంది. టీబాడీ (పట్టికలో హెడ్డింగుల కింద లైన్లని పట్టుకునే ట్యాగ్) లోపల ఉండాల్సింది టీఆర్. అక్కడ డివ్ లాంటి మామూలు బ్లాక్ కనబడితే, పేజీ రూపాన్ని చూసుకునే సీఎస్ఎస్ ఊరుకోదు, దాని చుట్టూ పేరులేని ఒక లైనునీ, ఆ లైను లోపల పేరులేని ఒక గడినీ తనే కల్పించుకుంటుంది. పక్కపక్కనే ఉన్న డివ్‌లన్నీ ఆ ఒక్క గడిలోకే పోతాయి. ఆ గడి ఉండేది మొదటి కాలమ్‌లో. ఇక ప్రతి డివ్ లోపలా తల్లి టేబుల్ లేని టీఆర్‌లు కనిపిస్తాయి కాబట్టి వాటికోసం అక్కడ ఇంకో పేరులేని టేబుల్ పుడుతుంది. అంటే మనకి తెలియకుండానే ఒక టేబుల్‌లో, ఒకే గడిలో, లాట్‌కొకటి చొప్పున చిన్న టేబుళ్ళు. వాటి కాలమ్ వెడల్పులకీ పై హెడ్డింగులకీ సంబంధం ఉండదు. వెడల్పులు చేత్తో ఎంత సవరించినా కుదరకపోవడానికి కారణం అదే. వాడు ఒక పూటంతా వెడల్పులతోనే కుస్తీ పట్టాడు.

ఉండీ లేనట్టుండే డివ్

మర్నాడు వచ్చేసరికి పట్టిక చక్కగా ఉంది. ఏం చేశావని అడిగితే, "డివ్ ఉన్నా లేనట్టే ఉండే ప్రాపర్టీ ఒకటుంది అన్నా" అన్నాడు. డిస్‌ప్లే కంటెంట్స్. ఆ ఎలిమెంట్‌కి (చెట్టులోని ఆ ట్యాగ్‌కి) పెట్టె గీయకుండా, పిల్లల్ని నేరుగా పై తల్లికి అప్పగించే సీఎస్ఎస్ విలువ. టీఆర్‌లు తమ టీబాడీ కింద తామున్నట్టే పరుచుకున్నాయి.

బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో మాత్రం ఎర్రగా ఒక హెచ్చరిక ఉంది. డివ్ టీబాడీకి పిల్లగా ఉండకూడదని రియాక్ట్ చెబుతోంది. నేను చూశాను. చూసి వదిలేశాను. ఇది రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆ వారం డెలివరీ ఉంది, స్క్రీన్ బాగుంది, కన్సోల్‌లో అప్పటికే ఇంకో పది ఎర్రలైన్లున్నాయి. తప్పు లైన్లు పదుంటే పదకొండోది కంటికి ఆనదు.

సర్వర్ మీదికి మార్చిన రోజు

దుకాణంలో ఉన్నది పాత కంప్యూటర్, విండోస్ 7. దాని మీద క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే విండోస్ 7కి వచ్చిన చివరి క్రోమ్ అదే. నెట్ కూడా మధ్యాహ్నం వేలం జోరు మీదున్నప్పుడు నత్తనడక నడుస్తుంది. పేజీ తెల్లగా ఉండిపోతోందని అనడంతో మొదటి పేజీని సర్వర్‌లోనే తయారుచేసి పంపేలా మార్చాం. లెడ్జర్ వెంటనే కనబడుతుంది, వెనకాల జావాస్క్రిప్ట్ వచ్చి దానికి ప్రాణం పోస్తుంది. ఈ ప్రాణం పోయడాన్నే హైడ్రేషన్ అంటారు.

మార్చిన రెండో రోజు గుమస్తా గారి ఫోన్. "సగం పేరు కొట్టేసరికి తుడిచేస్తోంది సార్. మళ్ళీ కొడితే బాగానే ఉంటోంది."

మా దగ్గర అలా జరగట్లేదు. మా లాప్‌టాపుల్లో అంతా ఒక్క క్షణంలో అయిపోతుంది కాబట్టి జరిగినా కనబడదు. నెట్ వేగం కావాలని తగ్గించి చూస్తే దొరికింది. పేజీ వస్తుంది, రెండు మూడు సెకన్లు నిలకడగా ఉంటుంది, ఒక్కసారి రెప్ప కొట్టినట్టు మొత్తం మాయమై మళ్ళీ వస్తుంది. ఆ రెండు మూడు సెకన్లలో వెతికే పెట్టెలో ఏం కొట్టినా పోతుంది. ప్రొడక్షన్ కన్సోల్‌లో 418, 423 అనే రెండు ఎర్రర్ నంబర్లు. మొదటిది, సర్వర్ పంపింది నేను అనుకున్నదానితో కలవట్లేదని. రెండోది, కాబట్టి పేజీని మొత్తం బ్రౌజర్‌లో మొదటినుంచి కడుతున్నానని. సర్వర్ రెండరింగ్‌తో సంపాదించిందంతా ఇక్కడ పోతోంది, పైగా చేసిన పనే రెండుసార్లు.

కలవకపోవడం ఏమిటి? రెండు వైపులా నడిచేది అదే కోడ్ కదా?

దీనికి జవాబు బ్రౌజర్‌లోని హెచ్‌టీఎమ్‌ఎల్ పార్సర్ దగ్గర ఉంది. అక్షరాలు చదివి చెట్టు కట్టేది అదే. జావాస్క్రిప్ట్‌తో టీబాడీలో డివ్ పెడితే బ్రౌజర్ ఏమీ అనదు, పెట్టమన్నచోట పెడుతుంది. అదే డివ్ సర్వర్ నుంచి హెచ్‌టీఎమ్‌ఎల్ అక్షరాలుగా వస్తే పార్సర్ దాన్ని టేబుల్‌లోకి రానివ్వదు. టేబుల్ బయట, దానికి ముందు పెట్టేస్తుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ ప్రమాణంలో దీనికి ఒక పేరు కూడా ఉంది, ఫాస్టర్ పేరెంటింగ్. అంటే పెంపుడు తల్లికి అప్పగించడం. వెనకాల వచ్చే టీఆర్‌లు సక్రమమైనవే కాబట్టి అవి టీబాడీలోకే వెళ్తాయి. చివరికి మిగిలేది పట్టిక పైన లాట్‌కొకటి చొప్పున ఖాళీ డివ్‌లు, పట్టికలో శుభ్రంగా టీఆర్‌లు. రియాక్ట్ వచ్చి టీబాడీలో డివ్ కోసం చూస్తుంది, టీఆర్ కనబడుతుంది, గోల మొదలు.

పేజీ సోర్స్ తెరిచి చూస్తే డివ్‌లు టేబుల్ లోపలే ఉంటాయి, ఎందుకంటే సోర్స్ అంటే సర్వర్ పంపిన అక్షరాలు. బ్రౌజర్ కట్టుకున్న చెట్టు వేరు. జావాస్క్రిప్ట్ ఆపేసి, ఇన్‌స్పెక్టర్‌లో ఎలిమెంట్స్ చూస్తే ఖాళీ డివ్‌ల వరస కనబడింది. నేను ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి కుర్రాడికి చూపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. డిస్‌ప్లే కంటెంట్స్ కంటికి కనబడేదాన్ని మార్చింది గానీ చెట్టుని మార్చలేదు. కన్సోల్ ఆ ఎర్రలైన్‌తో మొదటి రోజే ఇది చెప్పింది.

ఫ్రాగ్మెంట్, కీ, ఒక హమాలీ లెక్క

డివ్ స్థానంలో ఫ్రాగ్మెంట్ పెట్టాం. హైడ్రేషన్ గొడవ ఆగిపోయింది. అయితే కుర్రాడు పెట్టింది పొట్టి రూపం, లాట్లని ఒక్కొక్కటిగా తిప్పే లూప్ లోపల. పొట్టి రూపానికి కీ ఇవ్వడానికి చోటు లేదు. లూప్‌లో ప్రతి దానికీ కీ ఉండాలని కన్సోల్ అడిగింది. వాడు లోపలి రెండు టీఆర్‌లకీ కీలు ఇచ్చాడు. కన్సోల్ మళ్ళీ అడిగింది, ఎందుకంటే లూప్ నుంచి బయటికి వచ్చేది ఫ్రాగ్మెంట్, కీ ఉండాల్సింది దానికి. అప్పుడు లోపలి కీలు తీసేసి, ఫ్రాగ్మెంట్‌ని పూర్తి పేరుతో రాసి, కీగా వరస నంబరు పెట్టాడు. సున్నా, ఒకటి, రెండు. కన్సోల్ శాంతించింది.

గుమస్తా గారు పొద్దున్నే 'అన్నీ తెరువు' అనే బటన్ నొక్కేసి కూర్చుంటారు, ఒక్కొక్క లైనూ నొక్కే ఓపిక లేక. కొత్త లాట్ పైన చేరుతుంది. దుకాణంలో ఎంట్రీ చేసేవాళ్ళు ఇద్దరు. ఒకరోజు ఆయన పైన ఉన్న లాట్‌కి హమాలీ మొత్తం టైప్ చేస్తున్నారు, ఇంకా సేవ్ నొక్కలేదు. అదే సమయంలో రెండో కౌంటర్ నుంచి కొత్త లాట్ పడింది. ఆయన టైప్ చేసిన మొత్తం ఆ కొత్త రైతు పేరు కింద కనబడింది.

"ఈ హమాలీ ఈయనది కాదు సార్" అని ఆయనే పట్టుకున్నారు. ఆయన కళ్ళు చురుకు కాబట్టి సరిపోయింది. సేవ్ అయ్యుంటే ఒక రైతు పట్టీలో తప్పు కోత పడేది, అది డబ్బు.

జరిగింది ఇదీ. సున్నా నంబరు కీ ఉన్న చోట అప్పటిదాకా పాత లాట్ ఉంది, ఇప్పుడు కొత్త లాట్ వచ్చింది. రియాక్ట్ దృష్టిలో సున్నా సున్నాయే. లోపలి కాంపొనెంట్ అదే మనిషి, చొక్కా మార్చుకున్నాడంతే. సగం టైప్ చేసిన అంకె ఆ కాంపొనెంట్ స్టేట్‌లో (అది గుర్తుపెట్టుకునే విలువల్లో) ఉంది కాబట్టి అక్కడే ఉండిపోయింది, చుట్టూ పేరు మాత్రం మారింది. ఇంకో సంగతి కూడా చాలామంది గమనించరు: కీ అసలు ఇవ్వకపోయినా రియాక్ట్ లోపల వాడుకునేది వరస నంబరే. అంటే మా కుర్రాడు చేసిన మార్పుతో ప్రవర్తనలో ఏ రక్షణా చేరలేదు, హెచ్చరిక ఒక్కటీ ఆగింది. పొగ వస్తోందని చెప్పే అలారమ్‌కి బ్యాటరీ తీసేసినట్టు.

లాట్ నంబరునే కీగా పెట్టాం. ఆ రోజే లింటర్‌లో (కోడ్‌లో తప్పులు వెతికే పనిముట్టు) జేఎస్ఎక్స్ కీ నియమానికి ఉన్న 'చెక్ ఫ్రాగ్మెంట్ షార్ట్‌హ్యాండ్' ఆప్షన్ ఆన్ చేశాం. లూప్‌లో పొట్టి ఫ్రాగ్మెంట్ పెడితే ఇప్పుడు ఎడిటర్‌లోనే పట్టుబడుతుంది.

చారలు, ప్రింటు

ఇక్కడితో అయిపోయిందని నేను నిజంగా నమ్మాను. ఇంటర్నెట్‌లో ఫ్రాగ్మెంట్ గురించి చెప్పేవాళ్ళు కూడా ఇక్కడే ఆపుతారు: డివ్ తీసేయండి, ఫ్రాగ్మెంట్ పెట్టండి, పేజీ తేలికవుతుంది.

యజమాని రెండు కోరికలు కోరారు. ఒకటి, లాట్‌కో రంగు చొప్పున చారలు. సరుకు లైనూ కోతల లైనూ ఒకే రంగులో ఉండాలి. రెండు, సాయంత్రం ఏ4 కాగితం మీద తీసే ప్రింటులో లాట్ రెండు పేజీల మీద విరగకూడదు. సరుకు లైను ఒక కాగితం అడుగున, దాని కోతలు రెండో కాగితం పైన పడుతున్నాయి. ఫైల్లో పెట్టుకుని రైతుకి చూపించే కాగితాలు అవి.

చారలంటే సరి లైన్లకి ఒక రంగు అని సీఎస్ఎస్‌లో ఒక్క వాక్యం. కానీ మా లైన్లు తెరిచినప్పుడు రెండు, మూసినప్పుడు ఒకటి. యజమాని ఒక్కొక్కటే తెరిచి చూసే మనిషి. ఆయన ఒకటి తెరిస్తే దాని కింద ఉన్న రంగులన్నీ తారుమారు. నాలుగేసి లైన్ల లెక్క పెడదామా అంటే తెరిచింది ఏదో మూసింది ఏదో తెలియదు. మౌస్ పెట్టినప్పుడు రెండు లైన్లూ కలిసి వెలగడానికి అప్పటికే జావాస్క్రిప్ట్‌లో ఒక స్టేట్ పెట్టుకున్నాం, అదో తలనొప్పి. ప్రింటులో విరగకుండా ఉండమని చెప్పే సీఎస్ఎస్ ఉంది గానీ, దాన్ని తగిలించడానికి ఏదో ఒక ఎలిమెంట్ ఉండాలి కదా. ఫ్రాగ్మెంట్ అంటే అక్కడ ఏమీ లేదనే అర్థం. క్లాస్ (సీఎస్ఎస్ గుర్తుపట్టే పేరు) ఇద్దామంటే, కీ, పిల్లలు తప్ప ఇంకేదీ తీసుకోనని రియాక్ట్ కన్సోల్‌లో చెబుతుంది.

కుర్రాడు నీళ్ళు నములుతూ అడిగాడు: "మళ్ళీ డివ్ పెడదామా అన్నా?"

వాడి ప్రశ్నలో సగం నిజముంది. మాకు చుట్టూ ఒక ఎలిమెంట్ కావాలి. అది డివ్ కాకూడదు, అంతే. ఒక టేబుల్‌లో ఎన్ని టీబాడీలైనా ఉండొచ్చని హెచ్‌టీఎమ్‌ఎల్ ఎప్పుడో చెప్పింది. టీబాడీ అంటే 'టేబుల్ ఒళ్ళు' అని బట్టీపట్టి, ఒళ్ళు ఒకటే ఉంటుందని మనమే అనుకుంటాం. నిజానికి అది లైన్ల గుంపు. లాట్‌కొక టీబాడీ పెట్టాం:

టేబుల్
— టీహెడ్
— టీబాడీ (ఒక లాట్)
—— టీఆర్ (సరుకు లైను)
—— టీఆర్ (కోతల లైను)
— టీబాడీ (ఇంకో లాట్)

లాట్ కాంపొనెంట్ ఇప్పుడు ఒక టీబాడీని రిటర్న్ చేస్తుంది. కీ నేరుగా లాట్ కాంపొనెంట్‌కే. మౌస్ పెట్టినప్పుడు వెలగడం టీబాడీ మీద ఒక హోవర్ నియమంతో అయిపోయింది, ఆ స్టేట్ కోడ్ మొత్తం తీసేశాం. లోపల విరగొద్దని టీబాడీకి చెప్పాం. దుకాణంలోని క్రోమ్ 109 కూడా మాట విన్నది, లాట్ పట్టకపోతే మొత్తాన్ని తర్వాతి కాగితం మీదికి పంపింది. హెడ్డింగులు టీహెడ్‌లో ఉన్నాయి కాబట్టి ప్రతి కాగితం పైనా వాటంతట అవే వచ్చాయి.

రోజుల విషయం మాత్రం కాస్త తిరకాసు. ప్రతి తేదీకీ పైన ఒక తలకట్టు లైను ఉంటుంది, దాని కింద ఆ రోజు లాట్లు. రోజు కూడా ఒక గుంపే. కానీ టీబాడీలో టీబాడీ పెట్టనివ్వరు. రోజుకొక టేబుల్ చేద్దామంటే ఒక్కో రోజు కాలమ్ వెడల్పులు ఒక్కోలా వస్తాయి. కాబట్టి రోజు దగ్గర ఫ్రాగ్మెంటే మిగిలింది. తేదీ కీగా ఉన్న ఒక ఫ్రాగ్మెంట్, అందులో తలకట్టుకి ఒక చిన్న టీబాడీ, వెనకాల లాట్ల టీబాడీలు. పొట్టి రూపం కాదు, పేరు పెట్టి రాసినదే, కీ కావాలి కాబట్టి.

లాట్ అనేది గుమస్తా గారి నోట్లో ఉన్న మాట. ఆయన దాన్ని ఒక వస్తువుగా చూస్తారు, రంగు వేయమంటారు, విరగ్గొట్టొద్దంటారు. అలాంటిదానికి పేజీలోనూ ఒక ఎలిమెంట్ ఉండాలని నాకు ఆ వారం తట్టింది. రియాక్ట్ ఒకే విలువ అడుగుతుంది కాబట్టి మనం కట్టిన కట్టకి ఉండనక్కర్లేదు. ఇప్పుడు కోడ్ చూసేటప్పుడు, ఈ గుంపుకి దుకాణంలో పేరుందా అనే అడుగుతాను. రోజుకీ పేరుంది, అయినా హెచ్‌టీఎమ్‌ఎల్ దగ్గర మాటలు అయిపోయాయి, సర్దుకున్నాం.

డివ్‌ల మీద యుద్ధం

మధ్యలో జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. ఫ్రాగ్మెంట్ రుచి తెలిశాక మా కుర్రాడు ఒక శనివారం కూర్చుని ప్రాజెక్టులో అనవసరం అనిపించిన డివ్‌లన్నీ ఏరిపారేశాడు. సోమవారం పొద్దున రివ్యూకి పెట్టాడు. ఉత్సాహం చూసి కోప్పడబుద్ధి కాలేదు.

కొన్ని నిజంగా బాగున్నాయి. లెడ్జర్ పైన ఆ రోజు టిక్కీలు, తూకం, మొత్తం చూపించే మూడు పెట్టెలు గ్రిడ్‌లో (పిల్లల్ని గడుల్లో అమర్చే సీఎస్ఎస్ పద్ధతి) ఉంటాయి. అవి ఒకే కాంపొనెంట్ నుంచి వస్తాయి, చుట్టూ డివ్ ఉండడంతో గ్రిడ్‌కి మూడూ కలిసి ఒక్క పిల్లగా కనబడి ఒకే గడిలో కూర్చునేవి. అక్కడ ఫ్రాగ్మెంట్ సరైన మందు, ఎందుకంటే ఆ మూడూ గ్రిడ్‌కి నేరుగా పిల్లలే కావాలి.

పేజీ తలకట్టు మాత్రం చెడింది. ఎడమ పక్క దుకాణం పేరు, కుడి పక్క వెతికే పెట్టె, దానికి ఆనుకుని బటన్. పెట్టెనీ బటన్‌నీ కలిపి ఉంచిన డివ్ పోవడంతో ఫ్లెక్స్‌కి (పిల్లల్ని వరసలో సర్దే సీఎస్ఎస్ పద్ధతి) ముగ్గురు పిల్లలయ్యారు, వెతికే పెట్టె వెళ్ళి నట్టనడుమ నిలబడింది. ఆ డివ్‌కి అర్థం లేకపోవచ్చు గానీ పని ఉంది.

టూల్‌టిప్‌లు (మౌస్ పెడితే కనబడే చిన్న వివరణలు) రావడం మానేశాయి. మేం వాడిన లైబ్రరీ లోపలి పిల్లకి మౌస్ హ్యాండ్లర్లు తగిలిస్తుంది, ఆ పిల్ల ఫ్రాగ్మెంట్ అయితే తగిలించడానికి ఏమీ లేదు. ఎర్రర్ కూడా పెద్దగా అరవదు, టూల్‌టిప్ రాదంతే. మెనూలో ఫ్రాగ్మెంట్ పెడితే కన్సోల్ ఏకంగా ఇది పిల్లగా కుదరదు, అరే ఇవ్వమంది. పిల్లల్ని ఒక్కొక్కరుగా చూసి పనిచేసే కాంపొనెంట్లకి ఫ్రాగ్మెంట్ అంటే ఒక్క పిల్ల. లోపల ఐదుగురున్నా అవి లోపలికి చూడవు. పిల్లల్ని లెక్కపెట్టే రియాక్ట్ ఫంక్షన్లు కూడా అంతే.

రైతు వివరాల పేజీలో ఇంకో తమాషా. ఊరు, ఫోను, బ్యాంకు ఖాతా లాంటివి డీఎల్ (పదం, దాని వివరం జతలుగా ఉండే) జాబితాలో ఉన్నాయి. ఒక్కో జతకీ చుట్టూ డివ్ ఉంది, కింద గీత గీయడానికి. వాడు యూఎల్‌లో (మామూలు జాబితాలో) డివ్ తప్పు కాబట్టి ఇక్కడా తప్పే అనుకుని తీసేశాడు. డీఎల్‌లో మాత్రం పదాన్నీ వివరాన్నీ కలిపి డివ్‌లో పెట్టడం ప్రమాణం ప్రకారమే చెల్లుతుంది. దాన్ని వెనక్కి పెట్టించాను.

వేగం మాట కూడా వచ్చింది. డివ్‌లు తీస్తే పేజీ వేగం పెరుగుతుందని వాడి వాదన. పేజీ వేగాన్ని కొలిచే లైట్‌హౌస్ పరీక్ష అప్పట్లో 800 నోడ్‌లు (ఎలిమెంట్లు) దాటితే హెచ్చరించేది, 1,400 దాటితే ఎర్రగా చూపించేది, అది నిజమే. కానీ మా పట్టికలో తొమ్మిది గడుల లైన్లు 180 ఉంటే గడులే 1,620. దాని పక్కన 180 డివ్‌లు తీసి ఏం సాధిస్తాం? వేగం కావాలంటే పాత రోజుల లాట్లని అడిగినప్పుడే తేవాలి. చివరికి అదే చేశాం. ఫ్రాగ్మెంట్ సరైన చెట్టు కోసం, వేగం కోసం కాదన్నది నా అభిప్రాయం, ఎవరైనా కొలిచి చూపిస్తే మార్చుకుంటాను.

ఇతర ఊళ్ళలో

రియాక్ట్ లాంటి పనిముట్లే యాంగ్యులర్, వ్యూ, స్వెల్ట్. మా సర్వర్ మిత్రుడు యాంగ్యులర్ నుంచి వచ్చినవాడు. అక్కడ ఎన్‌జీ కంటైనర్ ఈ పనే చేస్తుందని చెప్పాడు. అయితే అక్కడ కాంపొనెంట్‌కి తన సొంత ట్యాగ్ పేజీలో ఉంటుంది కాబట్టి టేబుల్ లైనుని కాంపొనెంట్ చేయాలంటే కొత్త ట్యాగ్ పెట్టకుండా టీఆర్‌కే యాట్రిబ్యూట్‌లా తగిలిస్తారట, తెలివైన పద్ధతే. వ్యూలో రెండో వెర్షన్ దాకా కాంపొనెంట్‌కి ఒకే వేరు (అన్నిటినీ చుట్టే ఒకే ట్యాగ్) ఉండాలి, 2020లో వచ్చిన మూడో వెర్షన్ ఆ నియమం ఎత్తేసింది. కాకపోతే వేర్లు ఎక్కువైతే, బయటినుంచి ఇచ్చిన క్లాస్ ఎవరికి తగిలించాలో తెలియక అది హెచ్చరిస్తుంది. స్వెల్ట్‌లో ఈ తలనొప్పి మొదటినుంచీ లేదు.

ఇప్పటి సంగతి

లెడ్జర్ పేజీలో ఇప్పుడు పేరున్న ఫ్రాగ్మెంట్ ఒకటి, పొట్టివి రెండు ఉన్నాయి. కన్సోల్‌లో ఎర్రలైన్లు సున్నా. ఆ పది పాత లైన్లు తీసేయడానికి ఒకటిన్నర రోజు పట్టింది, మొదటే చేసుంటే నెల మిగిలేది. వెతికే పెట్టెలో పేరు పోవడం లేదు.

చారల లెక్కొకటి మిగిలింది. తేదీ తలకట్టు కూడా టీబాడీయే కాబట్టి సరి టీబాడీలకి రంగు అంటే తలకట్టు కూడా లెక్కలోకి వస్తుంది. ఫలానా క్లాస్ ఉన్నవాటిలోనే సరివాటిని ఎంచుకోమని చెప్పే సెలెక్టర్ సీఎస్ఎస్‌లో ఉంది గానీ క్రోమ్‌లో అది 111 నుంచి. దుకాణంలో ఉన్నది 109. అందుకని ఏ లాట్ సరి, ఏది బేసి అనేది జావాస్క్రిప్ట్‌లో లెక్కపెట్టి క్లాస్ ఇస్తున్నాం, నాలుగు లైన్ల కోడ్. దాని పైన 'గుంటూరు కంప్యూటర్ మారాక తీసేయాలి' అని కుర్రాడు కామెంట్ రాసి పెట్టాడు. మొన్న అడిగితే, ఈ సీజన్ అయ్యాక చూద్దామన్నారు యజమాని.